కోడిపిల్లలను కొనకముందే తేల్చుకోవలసిన టీకా సంగతి: నా అనుభవం

నూజివీడు పరిసరాల్లోని మా మామిడి తోటలో పెరటి కోళ్లు పెంచాలని నిశ్చయించుకున్నప్పుడు, ఆ మాట విన్న ప్రతివారూ ఏ జాతి పిల్లలు తెస్తున్నావనే అడిగారు. దానికి జవాబు వెతుక్కోవడం కష్టం కాలేదు. మాంసం కంటే గుడ్లే ముఖ్యమనుకున్నాను కాబట్టి, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే రూపొందించిన గ్రామప్రియను ఎంచుకున్నాను. ఆరుబయట తిరిగి మేసే పరిస్థితుల్లో కూడా అది ఏడాదికి 160 నుంచి 180 వరకు గుడ్లు పెడుతుందని చెబుతారు. అసలు కష్టమంతా ఆ పిల్లలు ఏ తల్లికోళ్ల గుడ్ల నుంచి వచ్చాయి, పుట్టిన రోజున వాటికి ఏ టీకా పడింది అన్న సంగతులు తెలుసుకోవడంలో ఎదురైంది.

పెద్ద కంపెనీల హేచరీలు ఎక్కువగా ఫారాలకే పిల్లలను పంపుతాయి. నాలాగా వంద పిల్లలు కావలసినవారికి చుట్టుపక్కల ఊళ్లలోని చిన్న హేచరీలే దిక్కు. వాటిలో రెండు రకాలు ఉన్నాయని తిరిగి చూశాక అర్థమైంది. కొందరు తమ సొంత తల్లికోళ్ల మందను పెంచుకుని ఆ గుడ్లనే పొదిగిస్తారు. ఇంకొందరు సంతల్లోనూ ఊళ్లలోనూ గుడ్లు సేకరించి, అన్నిటినీ ఒకే ఇంక్యుబేటర్‌లో పెట్టి పొదిగిస్తారు. బయటి నుంచి చూస్తే రెండు చోట్లా అవే యంత్రాలు, అవే అట్టపెట్టెలు, అదే కిచకిచ. తేడా గుడ్డు లోపల ఉంటుంది.

నేను మొదట వెళ్లిన హేచరీ రెండో రకానిది. గది శుభ్రంగానే ఉంది, యజమాని మర్యాదస్తుడు, ధర కూడా తక్కువే. గుడ్లు ఎక్కడివని అడిగితే పదిహేను ఊళ్ల నుంచి వస్తాయని దాచుకోకుండా చెప్పాడు. టీకాల మాట ఎత్తగానే, "నాటు పిల్లలకు టీకాలెందుకమ్మా, వాటి ఒంట్లోనే శక్తి ఉంటుంది. మొదటి అయిదు రోజులూ నీళ్లలో ఈ మందు కలపండి, చాలు" అని ఒక యాంటీబయాటిక్ సీసా చూపించాడు. ఆ సీసాను చూశాకే అక్కడ కొనకూడదని నిర్ణయించుకున్నాను.

కారణం చెప్పాలి. తెల్ల పారుడు అని మనవాళ్లు పిలిచే పుల్లోరం వ్యాధి తల్లికోడి నుంచి గుడ్డు ద్వారానే పిల్లకు వస్తుంది. దాన్ని తెచ్చేది సాల్మొనెల్లా జాతి సూక్ష్మజీవి. వ్యాధి సోకిన ఒక్క గుడ్డు పొదిగిందంటే, ఆ పిల్ల నుంచి ఇంక్యుబేటర్‌లో రాలే నూగు ద్వారా పక్కనున్న ఆరోగ్యమైన పిల్లలకు కూడా అంటుకుంటుంది. మొదటి రెండు మూడు వారాల్లో పిల్లలు రెక్కలు వేలాడేసి, వెనుక భాగం తెల్లటి రెట్టతో అతుక్కుపోయి చనిపోతాయి. బతికి బట్టకట్టినవి పైకి బాగానే కనిపిస్తూ జీవితాంతం ఆ జీవిని మోస్తూ, తమ గుడ్ల ద్వారా తర్వాతి తరానికి అందిస్తాయి. దీర్ఘకాలిక శ్వాస వ్యాధి తెచ్చే మైకోప్లాస్మా కూడా ఇలాగే గుడ్డులోంచి దిగుతుంది. పదిహేను ఊళ్ల గుడ్లు ఒకచోట చేరినప్పుడు ఆ ఊళ్లన్నిటి రోగాలూ ఒకచోట చేరే అవకాశం ఉంది. మొదటి రోజుల్లో ఇచ్చే యాంటీబయాటిక్ చావులను తగ్గిస్తుంది గానీ మోసేవాటిని శుద్ధి చేయదు. పైగా రోగం ఉందన్న సంగతినే మన కళ్ల నుంచి దాచేస్తుంది. ఇలా లెక్కాపత్రం లేకుండా మందులు వాడబట్టే మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతున్నాయన్న ఆందోళనతో, మనుషుల వైద్యంలో చివరి అస్త్రంగా వాడే కొలిస్టిన్‌ను తిండికి పెంచే జీవాలకు వాడకుండా కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది.

టీకాల మీద జరిగే వాదనలో ఈ విషయం ఎప్పుడూ పక్కకు పోతుంది. టీకా వేయించే పిల్లలు ఆరోగ్యమైనవని ఒకరు, వేయించని పిల్లలు సహజమైనవని మరొకరు అంటుంటారు. పుల్లోరానికి, మైకోప్లాస్మాకు మనలాంటివారు వేయించే టీకాల పట్టికలో చోటే లేదు. వాటికి ఉన్న రక్షణ తల్లికోళ్లను పరీక్షించడం ఒక్కటే. తల్లికోడి రెక్క దగ్గర నుంచి ఒక చుక్క రక్తం తీసి, గాజుపలక మీద రంగు కలిపిన యాంటిజెన్‌తో (ఆ రోగపు సూక్ష్మజీవితో తయారైన పరీక్ష ద్రావణంతో) కలిపితే, రోగం మోస్తున్న కోడి రక్తంలో రెండు నిమిషాల్లోపే గడ్డలు గడ్డలుగా కట్టడం కనిపిస్తుంది. అలా పట్టుబడ్డ కోళ్లను మంద నుంచి తీసేయాలి. ఖరీదైన పరీక్షేమీ కాదు. అయినా చిన్న హేచరీల్లో దాని గురించి అడిగేవారు అరుదు కాబట్టి చేసేవారూ అరుదు.

నేను చివరికి పిల్లలు కొన్న హేచరీ కూడా చిన్నదే, భార్యాభర్తలిద్దరూ నడుపుతున్నది. తల్లికోళ్లు కావలసిన పేరెంట్ పిల్లలను బయటి నుంచి తెచ్చుకుని సొంతంగా పెంచుకుంటారు. ఎప్పుడు తెచ్చారో, ఎప్పుడు ఏ టీకా వేశారో, రక్తపరీక్షలో ఎన్ని తీసేశారో ఒక పుస్తకంలో రాసి ఉంచారు. తీసేసిన వాటి లెక్క కూడా దాచకుండా చూపించడం నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది. కోళ్లకు చచ్చుబాటు, కణితులు తెచ్చే మారెక్స్ వ్యాధికి టీకా వేస్తారా అని అడిగితే, "వేస్తామమ్మా, కావాలంటే పిల్లలు దిగే రోజు పొద్దున్నే వచ్చి చూడండి" అన్నది ఆమె. నేను వెళ్లాను. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి, గడువు తేదీ నాకు చూపించి, దానికోసమే ఇచ్చిన ద్రావణంలో కలిపి, కలిపిన గిన్నెను మంచుముక్కల మీదే ఉంచి, ఒక్కొక్క పిల్ల మెడ వెనుక చర్మాన్ని వేళ్లతో పైకెత్తి 0.2 మిల్లీలీటర్ల చొప్పున ఎక్కించారు. కలిపిన టీకా గంట, రెండు గంటలకు మించి పనిచేయదు కాబట్టి పని అయ్యేవరకు ఇద్దరూ లేవలేదు.

మారెక్స్ గురించి కాస్త వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే టీకాల మీద వాదనలో అసలు చర్చించదగ్గ అంశం అక్కడే ఉంది. హంగేరీ పశువైద్యుడు యోజెఫ్ మారెక్ 1907లో వర్ణించిన ఈ వ్యాధిలో ఒక కాలు ముందుకూ ఒక కాలు వెనక్కూ చాచి కోడి చచ్చుబడిపోతుంది, లేదా లోపలి అవయవాల్లో కణితులు పెరుగుతాయి. వైరస్ ఈకల పొట్టులో చేరి షెడ్డు దుమ్ములో నెలల తరబడి బతుకుతుంది, ఊపిరితో లోపలికి పోతుంది. గుడ్డు ద్వారా మాత్రం రాదు. కాబట్టి శుభ్రమైన హేచరీలో పిల్ల దీని నుంచి విముక్తంగానే పుడుతుంది. బయటి దుమ్ము తగలకముందే టీకా పడితేనే ప్రయోజనం. కొక్కెర తెగులు (రాణీఖేత్ వ్యాధి) టీకాను మనం ఇంటికి తెచ్చుకున్నాక కూడా వేయించవచ్చు. మారెక్స్ టీకాకు తగిన సమయం మాత్రం మొదటి రోజే, తగిన స్థలం హేచరీయే. అందుకే ఈ టీకా వేయాలా వద్దా అన్న నిర్ణయం, ఏ హేచరీలో కొంటున్నామన్న నిర్ణయంతోనే అయిపోతుంది.

ఇక వాదన. 1970 ప్రాంతంలో వాడుకలోకి వచ్చిన ఈ టీకా కోడికి కణితులు రాకుండా కాపాడుతుంది గానీ, వైరస్ ఒంట్లో చేరకుండా, ఇతర కోళ్లకు పాకకుండా ఆపలేదు. ఆండ్రూ రీడ్, వేణుగోపాల్ నాయర్ తదితర శాస్త్రవేత్తలు 2015లో ప్రచురించిన పరిశోధనలో, అత్యంత ప్రాణాంతకమైన వైరస్ రకాలు సోకినప్పుడు టీకా లేని కోళ్లు ఎక్కువగా వైరస్‌ను చిమ్మకముందే చనిపోగా, టీకా పడిన కోళ్లు బతికి ఎంతోకాలం చిమ్ముతూ, టీకా లేని కోళ్లకు దాన్ని అంటించాయని తేలింది. టీకా వద్దనేవారు ఈ పరిశోధననే ముందుపెట్టి, టీకాలే రోగాన్ని ముదర బెడుతున్నాయంటారు. వారి భయాన్ని నేను కొట్టిపారేయను. అయితే ఆ పరిశోధన చూపించిన ప్రకారమే, ప్రమాదం ఎక్కువగా టీకా పడిన వాటితో కలిసి తిరిగే, టీకా పడని కోళ్లకు. దాని నుంచి నేను తీసుకున్న నిర్ణయం ఇది: ఒక ఆవరణలో ఉంటే అన్నిటికీ టీకా ఉండాలి, లేదా ఒక్కదానికీ ఉండకూడదు. అన్నిటికీ లేకుండా నడపాలంటే చుట్టూ ఎవరికీ కోళ్లు లేని చోటు, తరతరాలుగా తట్టుకున్న వాటినే ఏరి పెంచే ఓపిక రెండూ ఉండాలి. మా తోటకు నాలుగు వైపులా కోళ్లున్న ఇళ్లే.

కొక్కెర తెగులు మీద వాదన వేరే రకం. మా పక్క తోట బాబాయ్ చిన్నప్పటి నుంచి కోళ్ల మధ్య పెరిగిన మనిషి. "మా అమ్మ ఏ టీకా వేసిందమ్మాయ్? గంప కింద మూసిన కోళ్లు గంప కిందే పెరిగాయి" అన్నాడు. ఊళ్లోకి తెగులు వచ్చిన ఏడాది ఏమయ్యేదని అడిగాను. "అప్పుడా, ఊరంతా ఖాళీ. మళ్లీ ఎవరి దగ్గరో ఒక పెట్టను తెచ్చుకునేవాళ్లం" అన్నాడు. నాటు కోళ్ల శక్తి గురించి మనం చెప్పుకునే మాటల్లో, తెగులుకు పోయిన కోళ్ల లెక్క చేరదు. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో 1926లో గుర్తించిన ఈ వ్యాధికి మన దేశంలో హిమాలయాల దగ్గరి రాణీఖేత్ పేరు వచ్చింది. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. తోటలో పురుగులు ఏరుకుని బతకడం, గద్దను పసిగట్టడం, తక్కువ మేతతో నెగ్గుకురావడం నాటు కోడికి ఉన్న గొప్ప గుణాలే, వాటిని నేను ఎంతో విలువైనవిగా చూస్తాను. ఆ గుణాలు ఈ వైరస్‌ను ఆపవు. టీకా వల్ల ఆ గుణాలు పోతాయన్న మాటలో కూడా నిజం లేదు, టీకా కోడి వారసత్వాన్ని ముట్టుకోదు.

చిన్న పెంపకందారులు టీకా వేయించకపోవడానికి నమ్మకాల కంటే సీసా పరిమాణమే పెద్ద కారణమని నా అభిప్రాయం. కొక్కెర తెగులుకు వేసే లసోటా టీకా సీసా వంద మోతాదులకు తక్కువ దొరకడం కష్టం. 2 నుంచి 8 డిగ్రీల చలిలో తేవాలి, ఒకసారి కలిపితే మిగిలింది పారేయాలి. పది కోళ్లున్న ఇల్లాలు దానికోసం ఎందుకు తిరుగుతుంది? మా డ్వాక్రా సంఘంలో ఈ సంగతి మాట్లాడి, ఎవరెవరి పిల్లలు ఏ వారంలో పుడుతున్నాయో చూసుకుని, ఒకే రోజు అందరం కలిసి వేయించుకోవాలని ఒప్పందం చేసుకున్నాం. పశువైద్యశాల నుంచి మంచు నింపిన థర్మోస్‌లో సీసా తెచ్చి, ఎండ ముదరకముందే ఇంటింటికీ తిరిగి ముగించేవాళ్లం.

పిల్లలను తెచ్చుకున్న రోజు పెట్టెలోంచి కొన్నిటిని తీసి నేనే చూసుకున్నాను. బొడ్డు పూర్తిగా మూసుకుని పొడిగా ఉండాలి. తడిగా, నల్లటి చెక్కు కట్టి ఉంటే లోపల కుళ్లు పట్టిందన్నమాట. కాళ్ల చర్మం మెరుస్తూ ఉండాలి, మోకీళ్లు ఎర్రగా కందిపోయి ఉండకూడదు. వెల్లకిలా పడుకోబెడితే రెండు మూడు సెకన్లలో తిరిగి లేవాలి. లోపల మిగిలిన పచ్చసొన రెండు రోజుల వరకు పిల్లను పోషిస్తుంది కాబట్టి ప్రయాణం దానికి ప్రాణాంతకం కాదు గానీ, ఎండలో ఆగిన బండి ప్రాణాంతకమే. తెల్లవారుజామునే బయలుదేరాం.

ఇంట్లో ముందురోజే బల్బులు వెలిగించి, వరి ఊక పరిచి, పిల్లల వెన్ను ఎత్తున 95 డిగ్రీల ఫారన్‌హీట్ వచ్చేలా చూసుకున్నాను. తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించాను. మారెక్స్ టీకా శక్తి నిలదొక్కుకోవడానికి వారం పడుతుంది కాబట్టి అంతవరకు పెద్ద కోళ్ల దగ్గర తిరిగిన చెప్పులతో ఆ గదిలోకి ఎవరినీ రానివ్వలేదు. ఏడో రోజున లసోటా కంటి చుక్క, పద్నాలుగో రోజున గంబోరో అనే వైరస్ వ్యాధికి టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఆరో వారంలో అమ్మోరు టీకా, ఎనిమిదో వారంలో రెక్క కింద కొక్కెర తెగులుకే వేసే ఆర్‌టూబీ. ఈ చివరిది ఉత్తరాఖండ్‌లోని ముక్తేశ్వర్‌లో రూపొందిన టీకా. లసోటా కంటే బలమైనది కాబట్టి పసిపిల్లలకు వేయకూడదు. చుక్క వేశాక ఒకటి రెండు రోజులు పిల్లలు తుమ్మితే కంగారు పడనక్కర్లేదని డాక్టరు గారు ముందే చెప్పారు.

మొదటి వారంలో నాలుగు పిల్లలు పోయాయి. అయిదో వారంలో వాన జల్లుకు ఊక తడిసి రక్త పారుడు మొదలైంది. దానికి ఈ టీకాల్లో ఏదీ పనికిరాదు. తడి ఊకంతా తీసేసి, డాక్టరు గారు రాసిచ్చిన ఆంప్రోలియం అనే మందు నీళ్లలో ఇచ్చాక అదుపులోకి వచ్చింది. ఆ వేసవిలో పక్క ఊరికి కొక్కెర తెగులు వచ్చి ఇళ్లకు ఇళ్లే ఖాళీ అయ్యాయి. మా సంఘంలో టీకాలు వేయించుకున్న ఇళ్ల కోళ్లు నిలిచాయి. అది పూర్తిగా టీకా వల్లేనని నేను చెప్పను. ఆ నెలంతా సంత నుంచి ఒక్క కోడిని కూడా తోటలోకి తేనివ్వలేదు, చచ్చిన కోళ్లను కాలవలో వేయకుండా గుంట తీసి సున్నం చల్లి పూడ్చమని చుట్టుపక్కల వారిని బతిమాలాం.

ఇంకా తేలనిది ఒకటుంది. సంఘంలో కొందరి ఇళ్లలో నాటు పెట్టలు తమ గుడ్లు తామే పొదుగుతాయి. ఆ పిల్లలకు పుట్టిన రోజే మారెక్స్ టీకా వేసే దారి మాకు లేదు, ఎనిమిది పిల్లల కోసం పెద్ద సీసా తెరవలేం. తల్లిని, పిల్లలను తోటలోని కోళ్లతో కలవకుండా వేరే దడిలో ఉంచి, లసోటా చుక్క మాత్రం వాటికి కూడా అందరితో పాటు వేయిస్తున్నాం. హేచరీ ఆమె ఈసారి పిల్లలు దిగే రోజు మా పెట్ట పొదుగుడు రోజుతో కలిసేలా గుడ్లు పెడతానన్నది. అలా కుదిరితే ఆ ఎనిమిదింటినీ అట్టపెట్టెలో తీసుకెళ్లి అదే సీసాతో వేయించాలని ఉంది గానీ, బయట పుట్టిన పిల్లలను తన హేచరీ గుమ్మం దాటనివ్వనని, టీకా గిన్నె తీసుకుని తానే రోడ్డు మీదికి వస్తానని ఆమె ముందే షరతు పెట్టింది.