సగం ఓడలు దిగిన ఒడ్డు

స్కాట్లండ్‌లోని గ్లాస్గో సెంట్రల్ స్టేషన్‌లో రైలెక్కి పోర్ట్ గ్లాస్గో వైపు వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోవాలి. లాంగ్‌బ్యాంక్ దగ్గర క్లైడ్ నది పట్టాల పక్కకే వచ్చేస్తుంది. మేం వెళ్లింది పాటు వేళ, సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడు. బురదలో బారులు తీరిన పాత కర్ర గుంజలన్నీ బయటపడ్డాయి. చెక్క ఓడల కాలంలో దుంగలు నిల్వ చేసిన మడుగుల హద్దులవి. అవతలి ఒడ్డు ఎక్కడో దూరాన ఉంది. అయినా నది వెడల్పు చూసి మోసపోకూడదు, మధ్యలో ఇసుక మేటలున్నాయి. పెద్ద ఓడలు తిరిగేది తవ్వి లోతు చేసిన సన్నటి దారిలోనే.

న్యూఆర్క్ కోట పక్కన నిలబడి నదిని చూస్తే ఈ ఇబ్బంది ఇంకా బాగా తెలుస్తుంది. 1970లలో స్కాట్ లిథ్‌గో యార్డు రెండున్నర లక్షల టన్నుల తరహా ట్యాంకర్లు కట్టింది ఈ ఊళ్లోనే. అలాంటి ఓడ పొడవు 330 మీటర్ల పైమాటే. అంత పొడవు ఒకే స్లిప్‌వే (ఓడని కట్టి నీళ్లలోకి జార్చే వాలు) మీద పట్టదు, ఒక్క ఊపులో నీళ్లలోకి జారిస్తే ఆపడానికి చోటుండదు. అందుకే అణియం (ముందు) సగం, అమరం (వెనక) సగం వేరువేరుగా కట్టి దింపి, తేలుతుండగానే అతికారు.

కోత ఎక్కడ పెట్టాలన్నది మొదటి నిర్ణయం. హల్ (ఓడ బయటి ఒళ్లు) ఆకారం మారకుండా సాగే నడిమి భాగంలోనే పెడతారు, అక్కడైతే రెండు ముఖాలూ ఒకే కొలత. ప్రతి ముఖానికీ కాస్త లోపలగా నీళ్లు చొరని అడ్డుగోడ, అంటే బల్క్‌హెడ్ ఉండాలి. ఒక సగానికి ప్లేటు కొంచెం ఎక్కువ వదిలి, ఎదురెదురు పెట్టి కొలిచాకే కోస్తారు.

అసలు కష్టం నీటి మీదే. ఇంజను బరువుకి అమరం సగం వెనక్కి కుంగి, కోత ముఖం పైకి లేస్తుంది. దాన్ని దించడానికి బలాస్ట్ నీళ్లన్నీ (బరువు కోసం నింపే నీళ్లు) కోత దగ్గరి ట్యాంకుల్లోనే నింపారనుకోండి, రెండు చివర్లా బరువు పడి హల్ విల్లులా వంగుతుంది. డ్రాఫ్ట్ (నీటిలో మునిగిన లోతు) కలిసినా ముఖాలు కలవవు. ట్యాంకు ట్యాంకుకీ లెక్కగట్టి పంచాల్సిందే.

ఎండ ఇంకో శత్రువు. ఓడ అడుగుభాగం నీటి చల్లదనంలో ఉంటుంది, పైనుండే డెక్ కాలుతుంది. 10 డిగ్రీల తేడా ఉంటే 165 మీటర్ల సగంలో డెక్ దాదాపు 20 మిల్లీమీటర్లు సాగుతుంది. జాయింటు పైన మూసుకుని అడుగున తెరుచుకుంటుంది. కాబట్టి ఆఖరి కొలతలూ బిగింపూ రాత్రి, లేదా తెల్లారుజామున. మధ్యాహ్నం తీసిన కొలతని నమ్మి ప్లేటు కోసినవాళ్లు మళ్లీ ముక్క అతకాల్సి వస్తుంది.

అడుగు జాయింటు వెల్డ్ చేయడానికి కిందనుంచి యు ఆకారపు ఉక్కు తొట్టి తొడుగుతారు. అంచులకి రబ్బరు. లోపలి నీళ్లు తోడేస్తే బయటి నీటి ఒత్తిడే దాన్ని హల్‌కి అదిమి పడుతుంది. ఆ ఇరుకులో తేమని వేడిచేసి పోగొట్టకుండా వెల్డింగ్ ఆర్క్ వెలిగించకూడదు. తడి ప్లేటు మీద వేసిన వెల్డ్ చల్లారాక పగులుతుంది, ఆ పగులు పైకి కనిపించకపోవచ్చు కూడా. స్ట్రాంగ్‌బ్యాక్‌లు (ప్లేట్లని వరసలో పట్టే తాత్కాలిక ఉక్కు బద్దెలు) కొట్టి ప్లేట్లు సమం చేశాక, కుడి ఎడమల వెల్డర్లు ఒకే వేగంతో సాగాలి. ఒకవైపు ముందు ముగిస్తే అటు కుంచించుకుపోయి ఓడ వంకర తిరుగుతుంది. లాంజిట్యూడినల్స్‌ని (ప్లేటుకి లోపల ఓడ పొడవునా సాగే ఉక్కు పట్టీలు) జాయింటుకి అటూఇటూ కొంతమేర వెల్డ్ చేయకుండా వదిలేస్తారు, లేకపోతే ప్లేటు కదలదు. ప్లేటు వెల్డ్ అయ్యాక ఆ ఖాళీని కొలిచి ముక్కలు వేస్తారు. ఆ తర్వాత వెల్డ్‌కి అల్ట్రాసోనిక్, ఎక్స్‌రే పరీక్షలు.

స్కాట్ లిథ్‌గో యార్డు ఇప్పుడు లేదు. దాని గోలియత్ అనే భారీ క్రేన్‌ని 1997లో పడగొట్టారు. కోట పక్కన ఫెర్గూసన్ యార్డు మాత్రం ఇంకా ఓడలు కడుతోంది. కొరొనేషన్ పార్కులో 2022లో నిలబెట్టిన ఇద్దరు కార్మికుల స్టెయిన్‌లెస్ స్టీల్ విగ్రహం 10 మీటర్ల ఎత్తు, చూసి తీరాలి.

అక్కణ్నించి గ్రీనాక్ వైపు వెళ్తే ఇంచ్‌గ్రీన్ డ్రై డాక్ (నీళ్లు తోడేసి ఓడలు బాగుచేసే రేవు గుంట) వస్తుంది, పొడవు 305 మీటర్లు. ఆ ట్యాంకర్ ఇందులోనూ పట్టేది కాదు. ఈ ఒడ్డుకి పాటు వేళ చూసుకుని వెళ్లండి. పోటులో మేటలు మునిగిపోతాయి, నదిని చూస్తే ఏ ఓడైనా తిరగగలదనిపిస్తుంది.