తిరిగి రావలసిన వస్తువులు

చక్రాల కుర్చీ ముందు చక్రాలు మొరాయిస్తే మొదట చూడవలసింది బేరింగులను కాదు, వెంట్రుకలను. నేల మీద రాలిన వెంట్రుకలు, దారప్పోగులు ఆ చిన్న చక్రాల ఇరుసుకు చుట్టుకుని నెలలు గడిచేసరికి తాడులా బిగుసుకుపోతాయి. కత్తెర దూరదు. పాత బ్లేడుతో నిలువుగా కోసి, పట్టకారుతో కొంచెం కొంచెంగా లాగాలి. ముప్పై నాలుగేళ్లు ఆడిట్ శాఖలో ఇతరుల లెక్కల్లో తప్పులు వెతుకుతూ బతికిన నేను అరవై దాటాక నేర్చుకున్న మొదటి చేతిపని ఇదే.

మంగళవారం, గురువారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా నేను ఒక సేవాసంస్థ సామాను గదిలో ఉంటాను. కాలు విరిగినవాళ్లకు, మంచాన పడినవాళ్లకు కావలసిన వాకర్లు, చేతికర్రలు, చక్రాల కుర్చీలు, తలవైపు పైకి లేచే మంచాలు, గాలి పరుపులు, ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు మా సంస్థ ఉచితంగా వాడుకోవడానికి ఇస్తుంది. అవసరం తీరాక తిరిగి ఇచ్చేయాలి. గ్రంథాలయం లాంటిదే అనుకోండి. కాకపోతే అక్కడ పుస్తకం ఎప్పుడు పూర్తవుతుందో పాఠకుడికి తెలుస్తుంది.

ఇక్కడికి వచ్చిన తొలిరోజు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పదవీ విరమణ చేసి నాలుగు నెలలయింది. ఇంట్లో అందరి పనులకూ అడ్డం పడుతున్నానన్న సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు. సంస్థ పాలనను ఎలా చక్కదిద్దవచ్చో రెండు పేజీల నోటు టైపు చేసి మరీ పట్టుకెళ్లాను. అక్కడి నిర్వాహకురాలికి నా కూతురి వయసు ఉంటుంది. ఆ అమ్మాయి నా నోటు ఓపికగా చదివి, మడిచి, సొరుగులో పెట్టి, "మంగళవారం పదింటికి రాగలరా బాబాయి గారూ?" అని అడిగింది. రాగలనన్నాను. "ప్రతి మంగళవారమూ?" అంది. ఆ నోటు ఇంకా ఆ సొరుగులోనే ఉంది.

రెండో ప్రశ్న బరువు నాకు తర్వాత తెలిసింది. అమెరికాలో ఎక్స్‌పీరియన్స్ కోర్ అనే కార్యక్రమం ఒకటి 1990లలో మొదలైంది. అరవై దాటినవాళ్లు ప్రాథమిక పాఠశాలలకు వెళ్లి పిల్లలకు చదవడం నేర్పేవారు. వారానికి 15 గంటలు, విద్యా సంవత్సరం పొడుగునా. చదివినప్పుడు నన్ను ఆపింది ఆ 15 గంటలు కాదు, ఏడాది పొడుగునా అన్న మాట. మా దగ్గరికి ఉత్సాహంగా వచ్చి మూడో వారానికి మాయమయ్యేవాళ్లను నేనిప్పుడు మొదటి రోజే గుర్తుపడతాను. వాళ్లు సామాను గదిలోకి రాకుండా గుమ్మంలోనే నిలబడి మాట్లాడతారు. ఒక పెద్దమనిషి తాను కూర్చోవలసిన కుర్చీ ఎక్కడ అని అడిగారు. మా ఫోర్‌మన్ గారు గోడ వారగా ఉన్న పదకొండు చక్రాల కుర్చీలనూ చూపించి, ఏది నచ్చితే అది తీసుకోమన్నారు. ఆయన మళ్లీ రాలేదు.

ఫోర్‌మన్ గారంటే ఒక వర్క్‌షాపులో చేసి రిటైరైన మనిషి. మేమంతా ఆయనను అలాగే పిలుస్తాం. తక్కువ మాట్లాడతారు గానీ కుర్చీ చేతికి చిక్కితే మాత్రం ఆగరు. ఈ మడత కుర్చీ కథ ఆయన దగ్గర విన్నదే. గని ప్రమాదంలో వెన్ను విరిగిన హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే అమెరికన్ ఇంజనీరు కోసం, ఆయన స్నేహితుడు, అతనూ ఇంజనీరే, హ్యారీ జెన్నింగ్స్ పూనుకుంటే, 1933లో ఇద్దరూ కలిసి గుణకారం గుర్తులా రెండు కడ్డీలు అడ్డంగా కలిసే చట్రం తయారుచేశారు. కారులో పట్టాలి, అదీ వాళ్ల అవసరం. "తొంభై ఏళ్లయినా ఆ చట్రం అలాగే ఉంది చూడండి" అంటూ ఫోర్‌మన్ గారు కూర్చునే గుడ్డ మధ్యలో పట్టుకుని పైకి లాగుతారు, కుర్చీ ముడుచుకుంటుంది. రోజూ చూసేదే అయినా ఆయన ముఖం వెలుగుతుంది.

గాలి టైర్ల కుర్చీలో బ్రేకు పట్టకపోతే బ్రేకు బిగించకూడదన్నది ఆయన నేర్పిన ఇంకో సంగతి. అందులో బ్రేకు కడ్డీ నేరుగా టైరునే నొక్కుతుంది. గాలి తగ్గితే టైరు కుంగి కడ్డీకి అందదు. గాలి కొడితే బ్రేకు దానంతటదే పడుతుంది. ఇది తెలియక నేను ఒక రోజంతా స్పానరు పట్టుకుని కుస్తీ పట్టాను. ఆయన ఎదురుగా కూర్చుని చూశారే తప్ప చెప్పలేదు. "మీ నోటులో రాశారేమో అనుకున్నాను" అన్నారు సాయంత్రం.

ఇంకొకరు సిస్టరు గారు. ఆసుపత్రి వార్డుల్లో ముప్పై ఏళ్లు చేసిన నర్సు. వస్తువు ఇవ్వడం ఆమె చేతి మీదుగానే జరగాలి. వాకరు పట్టుకెళ్దామని కొడుకు వస్తే తండ్రిని కూడా తీసుకురమ్మంటారు. మనిషి నిటారుగా నిలబడి చేతులు పక్కకు వదిలేస్తే మణికట్టు ముడత ఎక్కడుంటుందో వాకరు పిడి అక్కడికి రావాలి. అంతకంటే ఎత్తయితే భుజాలు పీక్కుంటాయి, పొట్టిదైతే నడుము వంగుతుంది. కుర్చీ కూడా మనిషికి సరిపడాలే తప్ప ఉన్న కుర్చీలో మనిషిని సర్దకూడదని ఆమె పట్టు. చక్రాల కుర్చీల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వేసిన మార్గదర్శకాల పుస్తకం అట్ట ఊడిపోయి ఆమె బల్ల మీదే ఉంటుంది. ఒళ్లు పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు ఇచ్చేటప్పుడు, పరుపు వేశాం కదా అని మనిషిని పక్కకు తిప్పడం మానవద్దని చెబుతారు. ఆక్సిజన్ యంత్రం ఇచ్చేటప్పుడైతే పావుగంట పాఠం. అది ఆక్సిజన్‌ను పుట్టించదు. గదిలోని గాలిని లాక్కుని, అందులోని నైట్రోజన్‌ను జియోలైట్ అనే పదార్థంతో పట్టి ఆపి, 21 శాతం ఉన్న ఆక్సిజన్‌ను 90 దాటేంతగా చిక్కబరిచి ఇస్తుంది. అందుకే దాన్ని గోడకు ఆనించి పెట్టకూడదు, జల్లెడలో దుమ్ము చేరనివ్వకూడదు, దగ్గరలో నిప్పు ఉండకూడదు. వచ్చినవాళ్ల చేత ఇదంతా తిరిగి చెప్పించుకుంటారు. తప్పు చెబితే మళ్లీ మొదటి నుంచి.

నాకు ఒప్పగించింది రిజిస్టరు. నా సామ్రాజ్యం నాకు దొరికిందనుకున్నాను.

చూస్తే అంతా గందరగోళం. ఇచ్చిన తేదీ ఉంటే తీసుకున్న తేదీ ఉండదు. పేర్ల పక్కన అక్కడక్కడా పెన్సిలుతో చిన్న చిన్న చుక్కలు. కొన్ని పేర్లకు ఒకటి, కొన్నింటికి రెండు, ఒకటి రెండింటికి మూడు. సంతకం లేదు, వివరణ లేదు. అధికారం లేని రాత రిజిస్టరులో ఉండకూడదన్నది నా వృత్తి ధర్మం. రబ్బరు తీసుకుని మూడు మంగళవారాలు కూర్చుని ఆ చుక్కలన్నీ శుభ్రంగా తుడిచేశాను. తర్వాత గడువు దాటిన వస్తువుల జాబితా తీశాను. మొత్తం 41. ఆలస్యమైన రోజుల లెక్కన వరుస పెట్టి, 41 ఇళ్లకూ ఉత్తరాలు పంపాను. "ఈ వస్తువు గడువు ముగిసి ఇన్ని రోజులు అయినందున, ఏడు రోజుల్లోగా వాపసు చేయగలరు." అచ్చంగా నా భాష. కింద నా సంతకం.

ఆ గురువారం ఒక నడివయసు మనిషి ఆక్సిజన్ యంత్రం మోసుకుంటూ వచ్చి నా బల్ల పక్కన దించాడు. యంత్రం తుడిచి ఉంది. గొట్టం వలయాలుగా చుట్టి, విడిపోకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంది. పైన నా ఉత్తరం. "నాన్నగారు ఆదివారం పోయారండీ. ఇది సోమవారం వచ్చింది" అన్నాడు. కోపంగా అనలేదు. రసీదు కావాలా అని అడిగాను, ఇంకేం అడగాలో తెలియక. అక్కర్లేదని వెళ్లిపోయాడు.

సిస్టరు గారు నన్ను ఏమీ అనలేదు. రిజిస్టరు తన వైపు తిప్పుకుని, వెలుతురుకు పట్టి, నేను తుడిచిన చుక్కల గుంటలు కాగితం మీద ఇంకా కనిపిస్తున్నాయేమోనని చూశారు. ఒక చుక్క అంటే కోలుకుంటున్నారు, అడగవచ్చు. రెండంటే ఇంకా పట్టేలా ఉంది, వదిలేయాలి. మూడు చుక్కలంటే ఇక ఎన్నో రోజులు లేవు, వాళ్లే చెప్పేదాకా ఫోను చేయవద్దు. ఇరవై ఏడు పేర్లకు ఆమెకు జ్ఞాపకం ఉన్నంతవరకు మళ్లీ చుక్కలు పెట్టారు. నేను పక్కన కూర్చుని పెన్సిలు చెక్కి ఇచ్చాను.

అలాగని ఊరుకోవడానికీ లేదు, అదే ఇందులో చిక్కు. మా దగ్గర ఉన్నవి కొద్దిపాటి యంత్రాలు. ఒకరింట్లో అక్కర తీరి మూల పడి ఉన్న యంత్రం కోసం ఇంకొకరింట్లో ఊపిరి ఎగబీలుస్తూ ఎదురుచూసే మనిషి ఉంటాడు. వాళ్లూ నాకే ఫోను చేస్తారు. ఒక చెవిలో వీళ్లు, ఒక చెవిలో వాళ్లు. కాబట్టి వాపసు అడిగే ఫోను ఎవరో ఒకరు చేయాలి. ఉత్తరాల తప్పు చేసినవాడిని కనుక ఆ పని నేనే అడిగి తీసుకున్నాను.

దానికీ ఒక పద్ధతి ఉంది, సిస్టరు గారు పక్కన కూర్చుని నేర్పారు. వస్తువు పేరు ముందు ఎత్తకూడదు. "ఆయన ఎలా ఉన్నారు?" అని అడగకూడదు, ఆయన లేకపోతే ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఎంత కష్టం. "ఇంట్లో అందరూ ఎలా ఉన్నారండీ?" అనాలి. వాళ్లకు చెప్పాలనిపిస్తే చెబుతారు. చెప్పడం మొదలుపెడితే మధ్యలో అడ్డు రాకూడదు. జీతానికి చేసేవాళ్లకు ఇంత తీరిక ఉండదు. నా దగ్గర ఇప్పుడు ఉన్నదల్లా అదే. కొందరు ఆ రోజు సాయంత్రమే వచ్చి మంచం తీసుకెళ్లమంటారు, ఖాళీ మంచం కళ్లెదుట ఉంటే ఆ గదిలోకి వెళ్లలేకపోతున్నామని. కొందరు రేపంటారు, ఎల్లుండంటారు. వాళ్లు ఎగవేసేవాళ్లని నా పాత బుద్ధి చెబుతుంది. నిజానికి ఈ మూడేళ్లలో వస్తువు ఎగవేసినవాళ్లు ఇద్దరే, ఆ ఇద్దరూ ఫోనులో చాలా మర్యాదగా మాట్లాడారు.

ఏటా డిసెంబరు 5 వస్తుంది. స్వచ్ఛంద సేవకులకంటూ ఒక రోజు ఉండాలని ఐక్యరాజ్యసమితి 1985లో తీర్మానించిన రోజు. మా సంస్థలో ఒక ఫొటో తీస్తారు, ఒక పత్రం ఇస్తారు. ఆ వేళకు మాకు తెలియని సేవకులు చాలామంది వచ్చి ముందు వరుసలో నిలబడతారు. మర్నాడు చక్రాలు కడగడానికి మళ్లీ మేం ముగ్గురమే. చెప్పుకోవడానికి ఇది చిన్న గొణుగుడే, అయినా గొణగకుండా ఉండలేను.

పోయిన సంవత్సరం నా కుడి మోకాలు మొండికేసింది. సిస్టరు గారు మా సామాను నుంచే ఒక కర్ర తీసి, నా ఎడమ చేతికిచ్చారు. నొప్పి ఏ వైపో కర్ర దానికి అవతలి చేతిలో ఉండాలట. అన్నాళ్లుగా అందరికీ ఇస్తూ కూడా నేను కుడి చేతికే పట్టుకోబోయాను. రిజిస్టరులో నా పేరు నేనే రాసుకున్నాను. పక్కన ఒక చుక్క ఆమె పెట్టారు.

ఈ మధ్య ఒక వాకరు కోసం ఒకే ఇంటికి మూడుసార్లు ఫోను చేశాను. భర్త పోయి రెండు నెలలు. మొదటిసారి, "ఇస్తానండీ, ఇప్పుడు కాదు" అన్నారావిడ. రెండోసారీ అదే మాట. మూడోసారి ఇరవై నిమిషాలు మాట్లాడారు. రాత్రిళ్లు ఆయన లేచి నడిస్తే వాకరు చప్పుడు వినిపించేదట, ఒక కాలు టక్కుమని, మిగిలినవి మెత్తగా. ఆ చప్పుడును బట్టి ఎంత దూరం వెళ్లారో పడుకునే చెప్పేదాన్నన్నారు. ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంటే మెలకువ వస్తోందట. నేను ఊఁ కొడుతూ విన్నాను. ఆఖరున, "గురువారం మా అబ్బాయి చేత పంపిస్తాను. పిడులకు చుట్టిన గుడ్డ మాత్రం తీయకండి అన్నయ్య గారూ, ఉత్త పిడి అయితే చేతులు కందిపోతాయి" అన్నారు.

వాకరు గురువారం వచ్చింది. ఫోర్‌మన్ గారు తలకిందులు చేసి చూశారు. మూడు కాళ్ల రబ్బరు తొడుగులు బాగానే ఉన్నాయి. ఎడమ వెనక కాలుది పూర్తిగా అరిగి లోపలి లోహం బయటపడింది. "ఈ వైపు వాలి నడిచేవారు" అన్నారు, చప్పుడు సంగతి నేను ఇంకా చెప్పకుండానే. కొత్త తొడుగు వేశారు. పిడులకు పాత నూలు గుడ్డ మెత్తగా, పొరలు పొరలుగా చుట్టి, కొసలు సూదిదారంతో కుట్టి ఉన్నాయి. ఇది శుభ్రతకు విరుద్ధమని సిస్టరు గారు, తీయవద్దన్నారని నేను. కాసేపు వాదన జరిగింది. చివరికి ఆమె గుడ్డ విప్పి ఇంటికి తీసుకెళ్లి, మరిగే నీళ్లలో వేసి ఉతికి, మంగళవారం తెచ్చి తిరిగి చుట్టారు. కుట్టు మాత్రం ఆవిడ వేసినంత నీటుగా రాలేదని ఆమే ఒప్పుకున్నారు.

తుంటి విరిగి కోలుకుంటున్న ఒక పెద్దావిడ ఆ రోజే వచ్చారు. పిడి మణికట్టు కంటే ఎత్తులో ఉంది. ఫోర్‌మన్ గారు నేల మీద కూర్చుని నాలుగు కాళ్లకూ బొత్తాం నొక్కి ఒక్కో రంధ్రం చొప్పున తగ్గించారు. ఆవిడ పిడులు పట్టుకుని, రెండు అడుగులు వేసి, ఆగి, గుడ్డను వేళ్లతో తడిమి చూసుకున్నారు.

నేను రిజిస్టరులో తేదీ వేశాను. వస్తువు స్థితి అన్న గడిలో మామూలుగా బాగుంది, మరమ్మతు అయింది అని రాస్తాను. ఈసారి పెన్నుతోనే రాశాను: పిడులకు గుడ్డ చుట్టి ఉంది, తీయరాదు.