నాలుగుకి ముప్పావు మూడు

ముంబైకి సముద్రం అవతలున్న అలీబాగ్‌లో దిగిన సాయంత్రం, సముద్రంలోని కులాబా కోటకి, నీళ్లు తీసినప్పుడు నడిచి వెళ్లే కోటకి, రేపు వెళ్తానన్నాను. నా ఆధార్ కార్డు తర్వాత లాడ్జి ఆయన అడిగింది రేపటి తిథి. నేను నవ్వేశాను. గడియారం ముఖం చూడకుండా నాలుగు రోజులు ఉందామని, ఇంట్లో అందరికీ చెప్పేసి, ఒక్కదాన్నే హైదరాబాద్ నుంచి ఇంత దూరం వచ్చాను. పొద్దున ముంబై గేట్‌వే దగ్గర పడవెక్కి, గంటసేపు సముద్రపు పిట్టల అరుపులు వింటూ మాండ్వాలో దిగి, అక్కణ్ణుంచి బస్సులో వచ్చాను. ఇప్పుడీయన పంచాంగం తీయమంటున్నాడు.

ఫోన్లో చూసి ‘బహుళ చవితి’ అన్నాను.

‘అయితే నాలుగుకి ముప్పావు కట్టండి. మూడు. మధ్యాహ్నం మూడింటికి భరతీ. అందులోంచి ఆరు గంటలు తీసేయండి. పొద్దున తొమ్మిదికి ఓహోటీ. ఎనిమిదింటికి బయల్దేరండి, పదిన్నరకల్లా ఇవతలికి వచ్చేయండి.’

భరతీ అంటే పోటు, ఓహోటీ అంటే పాటు. మన ఉద్యోగాల భర్తీకి వాళ్ల భరతీ చుట్టమే అయ్యుంటుందనిపించింది. అక్కడ నిండేది మాత్రం సముద్రం, రోజుకి రెండుసార్లు, నోటిఫికేషన్ అక్కర్లేకుండా. కొంకణంలో చేపలవాళ్ల లెక్క ఇదేనట. తిథిని ముప్పావు చేస్తే పోటు గంట వస్తుంది. పోటు రోజుకి ముప్పావుగంట చొప్పున ఆలస్యమవుతుంది కదా, అందుకు.

ఎనిమిదింటికి ఒడ్డున నిలబడితే కులాబా కోట కిలోమీటరు పైచిలుకు దూరంలో నల్లగా కనబడింది. ముంబై కొలాబా కాదు, ఇది వేరు. మా అక్కకి ఫోన్లో మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. కోట దాకా గీతలు గీతలుగా తడి ఇసుక. గుర్రబ్బళ్లు వెళ్తున్నాయి. ఆ రోజు సంకష్టి, అంటే మన సంకటహర చవితి, కావడంతో కోటలో వినాయకుడికని గరికా మందారాలూ పట్టుకుని ఆడవాళ్లు గుంపులుగా నడుస్తున్నారు. నేనూ వాళ్ల వెనకే నడిచాను. మధ్యలో మోకాలి లోతు నీళ్లు, ఆ తర్వాత ఆల్చిప్పలు అంటుకున్న నల్లరాళ్లు. ఉత్తకాళ్లతో మాత్రం వెళ్లకండి.

1680లో శివాజీ ఈ కోట పని మొదలుపెట్టించాడు. కొద్ది రోజులకే పోయాడు. పూర్తి చేయించింది శంభాజీ. సముద్రం వైపు గోడ దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. ఒక్కో రాయి మా ఇంటి బీరువా అంత. రాయికీ రాయికీ మధ్య సున్నం లేదు. నా వేళ్లు నాలుగూ సందులోకి దూరిపోయాయి, లోపల చల్లగా, తడిగా ఉంది. అల వచ్చి కొడితే నీళ్లు ఆ సందుల్లోకి చొరబడి అక్కడే ఊపు పోగొట్టుకుంటాయి. గోడ మీద దెబ్బ తగ్గుతుంది. సిమెంటు పూసిన మా అపార్ట్‌మెంట్ గోడ పన్నెండేళ్లకే బీటలు తీసింది మరి.

మరాఠా నౌకాధిపతి కాన్హోజీ ఆంగ్రే దళానికి ఇది ఆయువుపట్టు. ఇంగ్లీషువాళ్లు ఆయన్ని సముద్రపు దొంగ అన్నారు. 1721లో పోర్చుగీసువాళ్లని కలుపుకుని మీద పడ్డారు, పట్టలేక వెనుదిరిగారు. ఇప్పుడు ఉత్తరపు గోడ మీద చక్రాల బండి మీదున్న రెండు ఫిరంగులు యార్క్‌షైర్‌లోని లో మూర్ కార్ఖానావి. పేరు పోతపోసి ఉంది. ఒకదాని మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టి ఫోటో తీస్తున్నారు.

1759లో రాఘోజీ ఆంగ్రే కట్టించిన సిద్ధివినాయకుడి గుడి పక్కన కోనేరు, అందులో మంచినీళ్లు. చుట్టూ ఉప్పుసముద్రం పెట్టుకుని! ఆ ఆశ్చర్యంలో మెట్ల మీద కూలబడి, ప్రసాదం కొబ్బరిముక్క నములుతూ టైము మర్చిపోయాను.

తలెత్తి చూస్తే పదకొండు కావస్తోంది. గరిక తెచ్చినవాళ్లు ఎవరూ లేరు. పరుగున బయటికొస్తే వచ్చేటప్పుడు మోకాలిదాకా ఉన్న నీళ్లు తొడల్దాకా వచ్చాయి. అడుగున లాగుతోంది కూడా. ఆఖరి గుర్రబ్బండి అతను కేకేసి, చెయ్యందించి పైకి లాగాడు. ఆ లాగుడులో ఎడమకాలి చెప్పు బురదలో ఉండిపోయింది. ‘చెప్పు, చెప్పు’ అని తెలుగులోనే అరిచాను. అతను గుర్రాన్ని అదిలించాడు.

ఒంటి చెప్పుతో బస్టాండు దాకా నడిచాను. దారిలో అలీబాగ్ తెల్ల ఉల్లిపాయలు జడలల్లి వేలాడదీశారు. ఒక జడ కొన్నాను. చెప్పులకొట్టు ఆయన నా చేతిలోని ఉల్లిపాయల్నీ, ఒంటి చెప్పునీ, తడి చీరనీ చూసి ఒకే ఒక్క మాట అడిగాడు.

‘కిల్లా?’

తలూపాను. సైజు అడక్కుండానే రబ్బరు చెప్పుల జత తీసి కింద పెట్టాడు. సరిగ్గా సరిపోయాయి.