నీళ్లు ఎక్కువై ఆసుపత్రి పాలైన రోజు

ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళానికి జాతీయ రహదారి 16 మీద సుమారు 130 కిలోమీటర్లు. కోల్‌కతా నుంచి కన్యాకుమారికి సైకిళ్ల మీద వెళ్తున్న మా ముగ్గురికీ అది కష్టమైన దారేం కాదు, పెద్ద ఎత్తులు లేవు. మార్చి నెలాఖరు కాబట్టి ఉక్కపోత, ఎదురుగాలి ఉన్నాయి. తెల్లవారి 5 గంటలకు బయల్దేరిన నేను సాయంత్రానికి శ్రీకాకుళంలో ఆసుపత్రి మంచం మీదున్నాను. అది వడదెబ్బ కాదు. ఒంట్లో నీళ్లు ఎక్కువై రక్తంలో సోడియం, అంటే ఉప్పులో ఉండే లవణం, పలచబడింది. లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ ఉండాల్సింది నాకు 124 ఉంది. వైద్యులు దీన్ని హైపోనాట్రీమియా అంటారు.

దాహం వేయకముందే తాగుతుండాలని విన్నమాట పట్టుకుని గంటకో లీటరు సీసా ఖాళీ చేశాను. మధ్యాహ్నం 2 గంటలకు 9 లీటర్ల మంచినీళ్లయ్యాయి. కంచిలి దగ్గర రెండు కొబ్బరి బొండాలు. తిన్నవి అరటిపళ్లు, బిస్కెట్లు. వీటన్నిటిలో ఉప్పు చాలా తక్కువ. కొబ్బరినీళ్లు మంచివే గానీ వాటిలో దండిగా ఉండేది పొటాషియం. చెమటతో ఎక్కువగా పోయేది సోడియం.

విశ్రాంతిగా ఉన్నప్పుడు మూత్రపిండాలు గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా నీటిని బయటికి పంపగలవు. గంటల తరబడి తొక్కుతుంటే నీటిని పట్టి ఉంచే హార్మోను పెరుగుతుంది, ఆ శక్తి బాగా తగ్గుతుంది. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. మోకాలి నొప్పికి పొద్దున్నే ఒకటి వేసుకున్నాను. నీరు లోపలే నిలిచి, రక్తం పలచబడితే కణాల్లోకి నీరు చేరి అవి ఉబ్బుతాయి. మెదడు ఉబ్బడానికి పుర్రెలో చోటు లేదు. ప్రాణం మీదికి వచ్చేది అందువల్లే.

లక్షణాలు పలాస దాటాక మొదలయ్యాయి. చేతి తొడుగులు బిగుసుకున్నాయి, ఉంగరం తిరగలేదు, కడుపులో నీళ్లు గలగలమన్నాయి. టెక్కలి దగ్గర టీ కొట్టావిడ, ‘ఏటి బాబూ, మొకం అలగ ఉబ్బిపోనాదేటి?’ అని అడిగింది. ఆ రోజు సరిగ్గా గమనించింది ఆవిడొక్కతే. నీరు తక్కువైన మనిషి మొహం పీక్కుపోతుంది, నోరు ఎండుతుంది, బరువు తగ్గుతుంది. నీరు ఎక్కువైతే వేళ్లూ మొహమూ ఉబ్బుతాయి, బరువు తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది. తలనొప్పి, వికారం మాత్రం రెండింట్లోనూ ఉంటాయి. అక్కడే అందరూ పొరబడతారు. నాకు తల పగిలిపోతోందంటే తోటివాళ్లు, ‘నీళ్లు తాగు, నీరు తగ్గిపోయింది’ అని మరో సీసా ఇచ్చారు. నేనూ తాగాను. నరసన్నపేట దాటి వంశధార వంతెన దగ్గరికొచ్చేసరికి వాంతులు. ఏ ఊళ్లో ఉన్నామని అడిగితే చెప్పలేకపోయానట. అలా తడబడే మనిషికి నోటితో ఏమీ పట్టకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఆసుపత్రిలో ముందు సోడియం పరీక్ష చేయడం నా అదృష్టం. ఎండకు పడిపోయాడని మామూలు సెలైన్ ఎక్కిస్తూ పోతే ఈ జబ్బు ముదిరే ప్రమాదముంది. నాకు మామూలు సెలైన్ కంటే గాఢమైన 3 శాతం ఉప్పు ద్రావణం 100 మిల్లీలీటర్లు పది నిమిషాల్లో ఎక్కించారు, తర్వాత మరోసారి. రెండోది అయ్యాక మాట తేరుకుంది. రాత్రంతా లీటర్ల కొద్దీ మూత్రం పోయింది. మర్నాటికి సోడియం 131, మూడో రోజుకు 136. మంచం ఎక్కించినప్పుడు తూచిన బరువు, వాంతులయ్యాక కూడా, ఇంటి దగ్గర ఉన్న 64 కిలోల కంటే కిలోన్నర ఎక్కువ. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ కూడా చూశారు, బాగానే ఉంది. మూత్రపిండాల జబ్బుతో ఈ జిల్లాలోని ఉద్దానం ప్రాంతం పడుతున్న బాధ తెలిసిన వైద్యులకు ఆ పరీక్ష వదలబుద్ధి కాదు. ఇది చదివి ఎండలో పనిచేసేవాళ్లు నీళ్లు తగ్గించేస్తే అది ఇంకో ప్రమాదం. ఎంత చెమట పోతే అంతకు కాస్త తక్కువగా తాగాలి, అంతే.

ఆ అంత ఎంతో కొలుచుకోవాలి. రెండు వారాలు సైకిలు ముట్టలేదు, నీరసం, మెట్లెక్కితే ఆయాసం. తర్వాత 20 కిలోమీటర్లతో మొదలుపెట్టి ఈ లెక్క తీశాను. మూత్రం పోసి, బట్టలు విప్పి తూచుకోవాలి. గంటసేపు మామూలు వేగంతో తొక్కి, ఒళ్లు తుడుచుకుని మళ్లీ తూచాలి. నేను 64.0 నుంచి 63.4కి వచ్చాను, తాగింది అర లీటరు. అంటే చెమట గంటకు 1.1 లీటరు. వేసవిలో, చలికాలంలో వేరువేరుగా తీసుకోవాలి. నేనిప్పుడు గంటకు 600 నుంచి 700 మిల్లీలీటర్లు, అదీ దాహమైతేనే తాగుతాను. రోజు చివర బరువు కిలో దాకా తగ్గితే సరైన లెక్క. తగ్గకపోతే ఎక్కువ తాగినట్టే.

ఉప్పు విషయంలో ఒక భ్రమ ఉంది. ఓఆర్ఎస్ తాగితే ఇక భయం లేదనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్ఎస్‌లో ఉప్పు 2.6 గ్రాములు, సోడియం 75 మిల్లీమోల్స్. రక్తంలో సుమారు 140. కాబట్టి ఓఆర్ఎస్ అయినా మితిమీరి తాగితే రక్తం పలచబడుతుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా. ఉప్పు తిండితో రావడమే నాకు పడింది: పొద్దున్న ఉప్పేసిన చోడి (రాగి) అంబలి, 10 గంటలకు ఊరగాయతో పెరుగన్నం, మధ్యాహ్నం ఉప్పు మజ్జిగ. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా ఉప్పు పెంచకూడదు. తొక్కే రోజు నొప్పి మాత్ర మానేశాను. సీటు ఎత్తు ఒక సెంటీమీటరు పెంచాక మోకాలి నొప్పే పోయింది.

నవంబరులో అదే దారి మళ్లీ తొక్కాను. మొత్తం తాగింది 5 లీటర్లు. శ్రీకాకుళంలో నాగావళి వంతెన మీద ఆగి ఉంగరం తిప్పి చూశాను, సులువుగా తిరిగింది. రాత్రి తూచుకుంటే 63.3.