ఫోన్ నంబరు చెప్పండి సార్

లైటు ఆర్పమని గొణిగి మా ఆవిడ అటు తిరిగి పడుకుంది. అందుకని చీకట్లో ఫోన్లోనే కొడుతున్నాను. అచ్చుతప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మా సందు మొదట్లో సూపర్ మార్కెట్ మూసేస్తున్నారు. అమలాపురంలో ఉన్నవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు, దసరా నుంచీ వింటున్నదే. ర్యాకులు సగం ఖాళీ. పప్పులుండే చోట పిల్లల డైపర్లు పెట్టారు. ఏసీ ఒక వైపే పనిచేస్తోంది. నన్ను నిద్రపోనివ్వనిది అదేం కాదు. సాయంత్రం సరుకులు తీసుకుని కౌంటరు దగ్గరికెళ్తే అక్కడి అమ్మాయి ఎప్పటిలాగే "ఫోన్ నంబరు చెప్పండి సార్" అంది.

ఆదివారం దాటితే ఉండని కొట్టుకి నా నంబరెందుకమ్మా అన్నాను. నవ్వింది. "కొట్టకపోతే బిల్లు ముందుకెళ్లదు సార్." సరే, చెప్పాను. బిల్లు అడుగున నా పాయింట్లెన్నో, వాటిని మార్చి నెలాఖరులోగా వాడుకోవాలనీ, మళ్లీ దయచేయమనీ అచ్చయింది.

ఇంతే. నవ్వుకుని మర్చిపోవాల్సింది. కానీ ముందు అక్కడికొచ్చిన జనం గురించి రాయాలి, లేకపోతే నా కడుపుబ్బరం తగ్గేలా లేదు. మూసేస్తున్న కొట్టుకి చావింటికి వెళ్లినట్టు వెళ్లక్కర్లేదు, ఒప్పుకుంటాను. మరీ పెళ్లింటికి వెళ్లినట్టు వెళ్లాలా? ఒకాయన ట్రాలీ మీద ట్రాలీ నింపుకుంటూ, వాళ్లావిడకి వీడియో కాల్లో ఒక్కొక్క డబ్బా చూపిస్తూ, ఇది కావాలా అది కావాలా అని కేకలు. ఇంకొకాయన సరుకు జోలికే పోలేదు. ర్యాకులెంత, ఆ డీప్ ఫ్రిజ్ ఎంత, రొయ్యలకి పనికొస్తుందా అని సెక్యూరిటీ అతన్ని పట్టుకుని బేరం. సోమవారం నుంచి తనకి పనుంటుందో లేదో తెలియని మనిషి ఫ్రిజ్ ధర ఏం చెప్తాడు? ఒకావిడ షాంపూ సీసా తెరిచి వాసన చూసి, మూత పెట్టకుండా గోధుమపిండి పక్కన వదిలేసి వెళ్లింది. అది ఒలికి కింద దాకా కారింది. తుడిచింది స్టోరు పిల్లలే. వాళ్ల టీషర్టుల వీపు మీద ఇంకా "మీకేం సాయం కావాలి?" అనే ఉంది.

మా ఇంట్లో మాత్రం పుణ్యాత్ములున్నారా ఏంటి. మా ఆవిడ నిన్న వెళ్లి ఓట్స్ తెచ్చింది. మా ఇంట్లో ఓట్స్ ఎవరూ తినరు. సగం ధరకే వచ్చాయట. సంక్రాంతి లోపే ఎక్స్‌పైరీ. అమ్మ ఆ ప్యాకెట్లు అటూ ఇటూ తిప్పి చూసి, గేదెకి పెట్టొచ్చా అని అడిగింది. మా గేదె పోయి ఎన్నేళ్లయిందో. ఈ రోజు మొత్తానికి నేను నవ్వింది ఆ ఒక్కసారే.

కౌంటరు దగ్గరి అమ్మాయి నా స్టూడెంటు. బీకాం. పరీక్ష పేపర్లో ప్రతి జవాబు కిందా స్కేలు పెట్టి గీత కొట్టే రకం. అప్పుడు అల్లవరం వైపు నుంచి పాస్ మీద బస్సులో కాలేజీకొచ్చేది, ఇప్పుడూ ఆ బస్సులోనే డ్యూటీకొస్తోంది. చేరి మూడేళ్లు దాటింది. నా వెనక క్యూ తగ్గాక గొంతు తగ్గించి చెప్పింది. పై ఆఫీసు నుంచి ఒకతను వచ్చి అందరికీ టైపు చేసిన కాగితాలు పంచాట్ట. వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను, కంపెనీ నుంచి నాకు రావలసినది ఏమీ లేదు, ఇట్లు. కింద సంతకానికి గీత. పెడితే ఈ నెల జీతం వెంటనే పడుతుందట. పెట్టకపోతే ప్రాసెస్ అవడానికి టైం పడుతుందట. ఇష్టమైతే రాజమండ్రి బ్రాంచికి మారొచ్చని కూడా అన్నారట, జీతం మాత్రం ఇదే. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. రాత్రి తొమ్మిదిన్నరకి అక్కడ షట్టరు దించాక ఏ బస్సు ఎక్కి అల్లవరం చేరాలి? ఒప్పుకోరని తెలిసే అడిగారు. అడిగామని రాసుకోడానికి అడిగారు.

కొట్టు మూసేది వాళ్లు. వ్యక్తిగత కారణాలు మాత్రం ఈ పిల్లవి.

నాకింత చిరాకెందుకంటే, ఈ పాఠం చెప్పేది నేనే. చిల్లర వర్తకం, అందులో గొలుసు దుకాణాలు, అంటే ఒకే కంపెనీ ఊరూరా నడిపే కొట్లు, వాటి లాభనష్టాలు. లాభాల్లో ఒకటేంటంటే, అమ్మకాలన్నీ నగదుకే కాబట్టి మొండి బాకీలుండవు. ఇంకొకటి, ఒక చోట దుకాణం నడవకపోతే దాన్ని మూసెయ్యొచ్చు, ఇంకో ఊరికి మార్చెయ్యొచ్చు, మొత్తం సంస్థ లాభాలకి పెద్ద దెబ్బ తగలదు. దీనికి సరళత, అంటే ఫ్లెక్సిబిలిటీ, అని పక్క హెడ్డింగు. రెండు మార్కులు. ఆ పిల్ల కూడా రాసే ఉంటుంది, కింద గీత కొట్టి మరీ. అందులో అబద్ధమేం లేదు. దెబ్బంతా ఒక్క సందులోనే పడితే మొత్తానికి ఎందుకు తగులుతుంది?

ఉదాహరణలు కూడా మంచి ఉత్సాహంగా చెప్తాను. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష దేశమంతా 1600 దుకాణాల దాకా ఎదిగి, డబ్బు ఆడక 2009 మొదట్లో మూతపడింది. 2007లో త్రినేత్రని బిర్లా వాళ్లు కొన్నాక ఆ బోర్డుల చోట మోర్ బోర్డులొచ్చాయి. 2022 ఫిబ్రవరిలో, అద్దెలు కట్టలేక చేతులెత్తేసిన బిగ్ బజార్ దుకాణాలు చాలావాటిని రిలయన్స్ తన చేతిలోకి తీసుకుంది. అప్పులెంత, వాటాలెవరివి, కోర్టులో ఏమైంది, పిల్లలు కథలా వింటారు. సుభిక్షలో జీతాలందక మిగిలిపోయినవాళ్ల సంగతి ఏ బ్యాచీ అడగలేదు. అడిగినా సిలబస్‌లో లేదు.

ఇంటికొచ్చినప్పటి నుంచీ ఆ మొండి బాకీల ముక్క దగ్గరే తిరుగుతున్నాను. ఇక్కణ్ణుంచి దారి తప్పుతున్నాను, ఓపికుంటే రండి.

1996 నవంబరు 6, కోనసీమ తుపాను. ఆ రాత్రి గురించి ఇదివరకు రాశాను కాబట్టి గాలి గురించి, మా పైకప్పు గురించి మళ్లీ ఎత్తను. తెల్లారాక సంగతి. ముమ్మిడివరం వైపు మా ఊళ్లో నిలబడి ఉన్న కొబ్బరి చెట్టు కోసం వెతుక్కోవాలి. రోడ్డు కనబడదు, కరెంటు స్తంభాలు చేలల్లో పడున్నాయి. మా ఊరి కిరాణా కొట్టు తాత, చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ఉండే ఆయన, తలుపు చెక్కలు ఒక్కొక్కటీ ఊడదీసి పక్కన పేర్చి, అరుగు మీద కూర్చుని ఖాతా పుస్తకం ఎండబెట్టుకుంటున్నాడు. బియ్యం బస్తాల్లో అడుగువి తడిసిపోయాయి, పైవి బాగానే ఉన్నాయి. ఇంట్లో ఇత్తడి బిందెలో దాచిన అగ్గిపెట్టెలు పట్టుకొచ్చాడు. కిరసనాయిలు, కొవ్వొత్తులు, ఉప్పు, బెల్లం. ఎవరి దగ్గరా పైసా లేదని ఆయనకి తెలుసు. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. పేరు రాసుకోవడం, ఇవ్వడం. పుస్తకం ఇంకా పచ్చిగా ఉండి పెన్సిలు దిగకపోతే గోడ మీద బొగ్గుతో రాశాడు. మా నాన్న పేరు ఆ గోడ మీద చాలాకాలం ఉండేది. కొబ్బరి మొక్క పెడితే ఆరేడేళ్లకి గానీ కాపుకి రాదు, ఆ గోడ మీది బాకీలు ఎప్పటికి తీరాయో మీరే లెక్కేసుకోండి. ఆ తడి బియ్యం కూడా పారెయ్యలేదు. చాపల మీద ఆరబోసి, ముక్కవాసన వచ్చినా, అది కూడా అరువు మీదే ఇచ్చాడు. తిన్నాం. ఏ గొలుసు దుకాణం చేస్తుంది ఆ పని? ఫోన్ నంబరు చెప్పకపోతే బిల్లే ముందుకెళ్లని చోట?

ఇంత దాకా రాసి, పోతే పోయింది సూపర్ మార్కెట్, మన కిరాణా కొట్లకి మళ్లీ ఊపిరొస్తుంది అని ముగిద్దామనుకున్నాను. ఈలోగా అమ్మ మంచినీళ్లకి లేచింది. చీకట్లో ఏం చేస్తున్నావురా అంది. చెప్పాను.

"ఇచ్చాడు, నిజమే. అర్ధరూపాయి అగ్గిపెట్టె రూపాయిన్నర రాశాడు. అదేంటండీ అని మీ నాన్న అడిగితే, ఇష్టం లేకపోతే టౌనుకెళ్లి తెచ్చుకోండి అన్నాడు. టౌనుకి రోడ్డేదీ?"

నీళ్లు తాగి, చెంబు బోర్లించి, "ఇచ్చాడు మరి, అదీ నిజమే" అనుకుంటూ వెళ్లి పడుకుంది.

అమ్మ ఎప్పుడూ ఇంతే, రాసుకున్నదంతా పాడుచేసి పోతుంది. ఇక ఇప్పుడు ఆ కొట్లో పొట్లాలు కట్టే అతను గుర్తొచ్చాడు. లాగులేసుకునే వయసులో చేరి జుట్టు నెరిసేదాకా అక్కడే ఉన్నాడు. పొద్దున్నే ఊడవడం, బస్తాలు దించడం, కాగితం చుట్టి పురికొస తెంపడం. తాత మధ్యాహ్నం కునుకు తీస్తుంటే తను మెట్టు మీద కూర్చోవాలి, గల్లాపెట్టె వైపు వెళ్లకూడదు. తాత పోయాక కొడుకులు హైదరాబాదు నుంచి వచ్చి కొట్టు అమ్మేశారు. అతనికి పన్నెండో రోజున భోజనం పెట్టి పంచెల చాపు ఇచ్చారు. రాజీనామా మీద సంతకం పెట్టమని అతన్ని ఎవరూ అడగలేదు. అతను అక్కడ పనిచేస్తున్నట్టే ఎక్కడా కాగితం లేదు.

కాబట్టి నా మాట మార్చుకుంటున్నాను. ఈ పిల్లకి నెలనెలా బ్యాంకులో జీతం పడింది. పీఎఫ్ ఉంది, ఈఎస్ఐ కార్డుంది. బాత్రూం ఉంది. నవ్వకండి, దాని విలువేంటో మెయిన్ రోడ్డు బట్టల కొట్లలో పనిచేసే ఆడపిల్లల్ని అడగండి. కుర్చీ మాత్రం లేదు, రోజంతా నిలబడే. దుకాణాల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండాలని కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టాలు మార్చారు. మా స్టోరు కౌంటరు వెనక బోర్లించిన ప్లాస్టిక్ ట్రే ఒకటుంటుంది, సూపర్‌వైజరు లేనప్పుడు వంతులవారీగా దాని మీద కూర్చుంటారు. అయినా ఆ జీతంతోనే తమ్ముణ్ణి పాలిటెక్నిక్‌లో చేర్పించింది. ఇప్పుడు వాళ్లక్క కువైట్ వచ్చెయ్యమంటోందట. కోనసీమలో ఆ మాటని విడమర్చి చెప్పక్కర్లేదు. బీకాం చదివి, ఎవరింట్లోనో వంటకి.

కిరాణా కొట్లకి ఊపిరొస్తుందని కూడా అనలేను. స్టోరు వచ్చిన కొత్తలో మా సందులో చితికిపోయిన కొట్లలో ఒకటి ఇప్పుడు కర్రీ పాయింటు, ఇంకొకటి మొబైల్ కవర్ల షాపు. అవి వెనక్కి తిరిగి కిరాణా కొట్లవ్వవు. సాయంత్రం బజ్జీల బండి పెట్టే ఆవిడకి బేరమంతా స్టోరుకొచ్చే జనమే. గోదావరి లంకల నుంచి తెల్లారేసరికి వంకాయలు, దొండకాయలు తెచ్చి వెనక తలుపు దగ్గర దింపే రైతుకి పాత బిల్లులు ఇంకా రాలేదట. బిల్డింగు ఓనరు సరే సరి. 2022లో మనది జిల్లా కేంద్రం అవగానే ఎగిరి గంతేసి, పెంకుటిల్లు పడగొట్టి, లోను తీసి, కంపెనీ ఇంజినీరు ఇచ్చిన కొలతల ప్రకారం కిటికీల్లేని హాలు కట్టించాడు. ఇంకో సూపర్ మార్కెట్ రాకపోతే ఆ హాలు ఎందుకు పనికొస్తుందో ఆయనకే తెలియాలి. ఆయన మీద జాలి మాత్రం రావట్లేదు.

రాత్రి భోజనాలయ్యాక పొలిటికల్ సైన్స్ మాస్టారికి ఫోన్ చేశాను, ఆయనకి తెలిసిన లాయర్లున్నారు కదా అని. "ఆడపిల్లే కదండీ, ఎలాగూ పెళ్లి చేసేస్తారు, ఆ ఉద్యోగం ఉంటే ఎంత పోతే ఎంత" అన్నాడు. పిల్లలకి ప్రాథమిక హక్కులు చెప్పే మనిషి. లాయరు నంబరు అడక్కుండానే పెట్టేశాను.

అప్పట్నుంచీ చట్టం చదువుతూ కూర్చున్నాను. మన రాష్ట్రానికి 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. ఆరు నెలలు పనిచేసినవాళ్లని తీసెయ్యాలంటే నెల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, లేదా ఆ నెల జీతం చేతిలో పెట్టాలి. ఏడాది దాటినవాళ్లకి దాంతోపాటు, చేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు జీతం పరిహారం. ఈ పిల్లకి మూడేళ్లకి నెలన్నర, నోటీసు నెల కలిపితే రెండున్నర నెలల జీతం. గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండాలి, అది రాదు. తనంతట తనే మానేసినట్టు, రావలసినదేమీ లేనట్టు సంతకం పెట్టిందా, ఈ రెండున్నర నెలల మాట ఎత్తడం కూడా కష్టమే. ఆ కాగితం అందుకే. పెద్ద కంపెనీకి ఇదో లెక్కా అనిపిస్తుంది గానీ, మూసే ప్రతి దుకాణంలోనూ ప్రతి ఒక్కరి దగ్గరా మిగిలితే లెక్కే.

మా ఆవిడ చేత ఆ అమ్మాయికి ఫోన్ చేయించాను. ఇంకా సంతకం పెట్టలేదట. మిగతావాళ్లు చాలామంది పెట్టేశారు, చీటీలు కట్టుకోవాలి, ఇంటద్దెలు కట్టుకోవాలి. శనివారం దాకా ఆగమన్నాం. వాళ్ల నాన్న మాత్రం వద్దంటున్నాడట. కంపెనీవాళ్లతో గొడవెందుకు, ఆ పేరు పడితే రేపు ఇంకో స్టోరువాడు తీసుకోడు అని. ఆ భయం ఉత్తదే అనడానికి నాకు నోరు రాలేదు. రేపు మొదటి పీరియడ్ అవగానే ఆయన దగ్గరికి వెళ్తాను. ఒప్పుకుంటే అటునుంచి అటే లేబర్ ఆఫీసుకి. అదెక్కడుందో అడిగితే కలెక్టరేట్ వైపు మార్చారని ఒకరు, పాత చోటే ఉందని ఒకరు చెప్తున్నారు. సరిగ్గా తెలిసినవాళ్లెవరైనా ఉంటే తొమ్మిది లోపు మెసేజి పెట్టండి.