నోటితో ఊపిరి తీసుకునే డాల్ఫిన్

నా ముక్కు దూలం కాస్త వంకర. చిన్నప్పటి నుంచీ నోరు తెరుచుకునే నిద్రపోతాను. "ఈగలు దూరతాయిరా" అంటూ అమ్మ నా గడ్డం పైకి నెట్టేది. ఇప్పుడు ఆ డ్యూటీ మా ఆవిడది. ఈ చరిత్ర ఉన్నవాడికి, నోటితో ఊపిరి తీసుకునే డాల్ఫిన్ ఒకటుందని తెలిస్తే ఊరుకోగలడా? రెండు రాత్రులు దాని గురించే చదువుతూ కూర్చున్నాను.

అది హెక్టర్స్ డాల్ఫిన్. న్యూజీలాండ్ తీరంలో తప్ప ఇంకెక్కడా ఉండని జాతి. పొడవు ఒకటిన్నర మీటరు దరిదాపుల్లోనే. వీపు మీది రెక్క గుండ్రంగా, మిక్కీ మౌస్ చెవిలా ఉంటుంది. 2014 నుంచి ఈ ఒక్క డాల్ఫిన్ మాత్రం వింతగా కనిపించింది: ఊపిరి కోసం వచ్చిన ప్రతిసారీ తలను మామూలుకంటే బాగా నీళ్ల పైకెత్తి, నోరు తెరిచి గాలి పీలుస్తోంది. నడినెత్తిన ఉండే ముక్కు రంధ్రం తెరుచుకోవడం లేదు. ఒటాగో విశ్వవిద్యాలయానికి చెందిన స్టీవ్ డాసన్ బృందం 2016లో దీన్ని ప్రకటించింది. రంధ్రానికి ఏదైనా అడ్డుపడి ఉండాలి, లేదా దాన్ని తెరిచే కండరాలు పనిచేయడం మానేసి ఉండాలి.

ఇందులో వింతేముంది, ముక్కు మూసుకుపోతే నోరుంది కదా అంటారేమో. నేనూ అదే అనుకున్నాను. కానీ డాల్ఫిన్‌కి ఆ దారే లేదు. మనకి గొంతులో అన్నం దారీ గాలి దారీ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. అందుకే మనకి పొలమారుతుంది. డాల్ఫిన్‌లో స్వరపేటిక బాతు ముక్కులా పొడవుగా సాగి, గొంతును అడ్డంగా దాటి, పైనున్న ముక్కు దారిలోకి దూరి ఉంటుంది. చుట్టూ ఓ కండరం దాన్ని బిగించి పట్టుకుంటుంది. చేప దాని పక్క నుంచి జారి పొట్టలోకి పోతుంది. గాలి గాలే, తిండి తిండే. మరి మన డాల్ఫిన్ నోటితో పీల్చాలంటే ఆ బిగింపు సడలించి, స్వరపేటికను కిందికి లాక్కోవాలి. ప్రతి ఊపిరికీ ఇదే తంతు.

ఆ గొట్టం ఊడిరావడం ఎంత ప్రమాదమో గిలిగన్ అనే ఇంకో డాల్ఫిన్ కథ చెబుతుంది. 2015లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని బన్‌బరీ దగ్గర తీరానికి కొట్టుకొచ్చింది, చచ్చిపోయి. గొంతులో 2.1 కిలోల ఆక్టోపస్! అంత పెద్దదాన్ని మింగడానికి స్వరపేటిక పక్కకి తొలగింది, ఆక్టోపస్ చేతులు అడ్డంపడి అది మళ్లీ తన చోటికి రాలేకపోయింది. ఊపిరాడలేదు. పొలమారని జంతువు పొలమారి పోయిందన్నమాట. (ఇది చదివాక ఆ పూట నాకు ముద్ద దిగలేదు.)

ఇంకో సంగతి. మనం ఊపిరి గురించి ఆలోచించకుండానే బతికేస్తాం. డాల్ఫిన్ మాత్రం ప్రతి ఊపిరీ పనిగట్టుకుని తీసుకోవాలి. ఆ రంధ్రం మామూలుగా మూసే ఉంటుంది, తెరవడానికే కండరం పనిచేయాలి. అందుకే మెదడులో సగం నిద్రపోతే మిగతా సగం మేలుకుని ఉంటుంది. పైకొచ్చిన రెప్పపాటులో ఊపిరితిత్తుల్లోని గాలిలో 80 శాతం దాకా మార్చేస్తుంది. మామూలుగా కూర్చున్నప్పుడు మనం మార్చేది 10 శాతం దరిదాపుల్లోనే. అలాంటి జీవి, నిద్రమత్తులో కూడా తల పూర్తిగా బయటపెట్టి, గొంతు సర్దుకుని, నోరు తెరిచి, మళ్లీ అన్నీ బిగించుకుని మునగాలి. ఎవరూ నేర్పలేదు, పక్కవాళ్లని చూసి నేర్చుకుందామంటే అలా చేసేవాళ్లెవరూ లేరు. నాకు ఈత నేర్పినాయన నోటితో పీల్చి ముక్కుతో వదలమని నెల రోజులు మొత్తుకున్నా నాకు పట్టుబడలేదు.

ఇదంతా మా ఆవిడకి చెప్పాను. డాల్ఫిన్ల శబ్దాలు పుట్టేది గొంతులో కాదు, ముక్కు దారిలోనే అని కూడా చెప్పాను.

"అయితే అది నోరు తెరుచుకున్నా గురక పెట్టదు కదా" అని అటు తిరిగి పడుకుంది.