గరిసె, గాదె, పాతర... పుట్టి

మన పర్లాకిమిడి బడి పూర్వ విద్యార్థుల సంచిక కమిటీ నుంచి మూడోసారి ఫోను వచ్చాక ఇక తప్పలేదు. "రెండు పేజీలు మించవద్దు" అన్న గొంతు గిద్దదే. (మన మారుపేర్లు ధాన్యపు కొలతలే కదా: గిద్ద, అడ్డ, కుంచం, పుట్టి. వీటిలో చిన్నది గిద్ద, పెద్దది పుట్టి.) బడిలో ఉన్నన్నాళ్ళూ నోరు తెరవనివాడు ఇప్పుడు కార్యదర్శి! సరే, రాస్తున్నాను. వాన పడితే మూడో గదిలో ఏమయ్యేదో, చిన్న రైలు ఆలస్యమైన రోజు కాశీనగర్ జట్టు ఏ కథ చెప్పేదో మీకు నేను చెప్పాలా? నిజానికి పదో తరగతి తప్ప మిగతా ఏళ్ళన్నీ నా తలలో కలగాపులగం అయిపోయాయి. ఆ పదో తరగతిలోనూ నిలిచింది, మనం పాతర మాస్టారని పిలుచుకున్న మాస్టారే.

పాఠంలో ఎక్కడో గరిసె అన్న మాట వచ్చింది. అది ధాన్యం పోసుకునే ఇల్లు అన్నాడు కుంచం. కాదు, కొలత అన్నాడు అడ్డ. వాళ్ళ దుకాణంలోని పాత చిట్టాయే సాక్ష్యం. కిలోలు వచ్చి అప్పటికే పదేళ్ళు. గరిసెను కళ్ళతో చూసినవాడు గదిలో ఒక్కడూ లేడు, కొట్టుకోవడానికి మాత్రం ఇద్దరూ సిద్ధం.

మాస్టారు సుద్దముక్క గిల్లుతూ అంతా విన్నారు. "గంపెడు మట్టి అంటావు, బండెడు గడ్డి అంటావు. గంప వస్తువా, కొలతా?" అన్నారు. అడ్డ నోరు మూతపడింది. పోసుకునేదే కాలక్రమాన కొలత అవుతుందట. మద్రాసు లెక్కల్లో 400 మరకాళ్ళు (అదీ పాత ధాన్యపు కొలతే) ఒక గరిసె. మన గంజాం 1936 దాకా మద్రాసుదే కాబట్టి అడ్డ తాతగారి చిట్టా అబద్ధం కాదు. కుంచం ఇల్లూ అబద్ధం కాదు.

అక్కడితో ఆపితే ఆయన పాతర మాస్టారు ఎందుకవుతారు? బోర్డంతా నింపారు. వెదురు తడికె అల్లి పేడా మట్టీ మెత్తితే గాదె. గడ్డితో పేనిన వెంటి చుట్టుకుంటూ పైకి లేపితే పురి. నేలలో గొయ్యి తవ్వి గడ్డి పరిచి ధాన్యం పోసి కప్పెడితే పాతర. అన్నీ ధాన్యానికే, అయినా ఒకదాని బదులు ఇంకొకటి అంటే రైతు నవ్వుతాడని చెప్పారు. వెనక బెంచీ ఒడియా మిత్రుడు, పురిలాంటిదాన్ని వాళ్ళింట్లో పుడా అంటారన్నాడు. మాస్టారు మురిసిపోయి అతని చేతే ఒడియా అక్షరాల్లో బోర్డు మీద రాయించి, వెంటనే హెచ్చరించారు: "పోలిక కనబడగానే చుట్టరికం కలపకండి. పుట్టి మునిగింది అంటాం. మునిగేది పడవ పుట్టి, ధాన్యం కొలిచే పుట్టి కాదు." తరగతంతా మన పుట్టి వైపు తిరిగింది. మహేంద్రతనయ ఏట్లో వాడు మునిగిన సంగతికి అప్పటికి వారం కూడా కాలేదు.

మర్నాడు బడి వెనక పెరట్లోని పాత పాతర దగ్గరికి తీసుకెళ్ళారు. మూత తీయగానే ముక్కిపోయిన ధాన్యం వాసన గుప్పుమంది. మన పుట్టి అప్పటికే చొక్కా విప్పి దిగబోతున్నాడు. మాస్టారు వాడి జబ్బ పట్టుకుని లాగి, లాంతరును తాడుకు కట్టి లోపలికి దించారు. మంట సన్నబడింది, నీలంగా వణికింది, ఆరిపోయింది. ఎవరూ ఊపిరి తీయలేదు. చెడు గాలి పోయేదాకా పాతరలో దిగకూడదన్న ముక్క ఏ నిఘంటువులో ఉంది చెప్పండి!

1962లో వచ్చిన వ్యవసాయ వృత్తి పదకోశం ఆయన బల్ల మీద ఎప్పుడూ ఉండేది. ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో తిరిగి కూర్చిన పుస్తకం అది. "పాతపట్నం దాటి ఇటు ఒరిస్సాలోకి వస్తే మాటలు లేవనుకున్నారు కాబోలు" అని విసుక్కునేవారు. గిడుగు వారు ఈ ఊళ్ళోనే పాఠాలు చెబుతూ సవర మాటలు ఏరారు, మీరు మీ అమ్మమ్మల మాటలైనా ఏరలేరా అని మమ్మల్ని దులిపేవారు. ఏరామా? నా నోటుపుస్తకంలో 11 మాటలు రాసి, మిగతా పేజీల్లో క్రికెట్ లెక్కలు వేసుకున్నాను.

తర్వాత ఉద్యోగమంతా నాకు ధాన్యపు గిడ్డంగుల్లోనే గడిచింది. (ఈ గిడ్డంగే మలయ గుదాంగ్ మీదుగా గోదాము అయి తిరిగొచ్చిందని కొందరు పండితుల మాట. మాస్టారికి ఇది చెప్పలేకపోయాను.) చివరి రోజుల్లో నా సంతకం లేనిదే లారీ గేటు దాటేది కాదు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్న మాట. ఒకసారి మద్రాసు కాలం నాటి ఒక రికార్డులో ధాన్యం పక్కన ఇంగ్లీషులో గార్స్ అని కనబడింది. గ్రాస్‌ను తప్పుగా రాసి ఉంటారు, గడ్డి అయి ఉంటుందని అందరూ తేల్చేశారు. నేను నెమ్మదిగా, "గరిసె. 400 మరకాళ్ళు" అన్నాను. పై అధికారి కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. ఆయన చూపు సంగతేమో గాని, నా ముక్కుకు మాత్రం ఆ పాతర వాసన తగిలింది.

సమావేశానికి తప్పక వస్తాను. గిద్దా, పుట్టి కోసం రెండు కుర్చీలు వేయించు.